శనక్కాయ ఏ పళ్ళెంలో?

సర్జాపుర రోడ్డు మీద, ఇంకా పేరు పెట్టని టవర్ల వెనక
రేకుల షెడ్డులో మా బడి.
తొమ్మిదికి కాంక్రీటు మిక్సరు తిరగడం మొదలవుతుంది.
మేమూ మొదలుపెడతాం, గొంతు పెంచి.

ఆ రోజు ఆరు స్టీలు పళ్ళేలు పరిచాను.
వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ, గింజ.
సంచిలోంచి నేను తీసి ఇస్తే
ఎక్కడ పెట్టాలో పిల్లలే చెప్పాలి.

క్యారెట్టుకి ఎవరూ తడుముకోలేదు.
గోబీ పువ్వంటే మాత్రం నమ్మలేదు.
"తల్లో పెట్టుకోరు గదా మేడమ్" అని
సుంకులమ్మ దాన్ని జడకి ఆనించి
అటూ ఇటూ నడిచి చూపించింది.
గడ్డెకోసు దగ్గర పెద్ద తగువు.
పేరులో గడ్డ ఉన్నా మట్టి పైనే ఊరుతుంది,
పొట్ట వచ్చిన కాండం అన్నాను.
"మేస్త్రీ పొట్ట మాదిరా?" అన్నారెవరో.
మేస్త్రీ గుమ్మం బయటే ఉన్నాడు.
వినలేదనే అనుకున్నాం.

అంతలో బండి ఆమె కేక: "సొప్పూ, సొప్పూ!"
భీమలింగ మొహం చిట్లించాడు.
"సొప్ప ఎద్దులు గదా తినేది?
ఈ ఊర్లో మనుషులు తింటారా?"
కన్నడంలో సొప్పు అంటే ఆకుకూర నాయనా
అని చెప్పేలోపే ఇద్దరు ఎద్దులైపోయి
పాలకూర కట్ట మీద పడ్డారు.

సంచి అడుగున దోసెడు శనక్కాయలు.
"వేరుశనగ" అన్నాను, పుస్తకం గొంతుతో.
వేరు పళ్ళెంలో గలగలా పోశాను.
పేరే చెబుతోంది, ఇంక ఆలోచించేదేముంది.

ఉరుకుందు లేచాడు.
వచ్చిన రెండు నెలల్లో హాజరుకి కూడా పలకని వాడు.
పత్తికొండ పక్క ఏదో ఊరు,
అంతకు మించి వాడి గురించి నాకేం తెలీదు.

"అది వేరు గాదు మేడమ్.
పచ్చగ పువ్వు పూస్తాది.
పూసినంక దాని కాడ్నుంచి ఊడ దిగుతాది, సూది మాదిరి.
మట్టి లోపలికి పోయి, ఆడ కాయయితాది.
ఊడలు దిగేటప్పుడు చేన్లో కాలు పెడితే
మా అవ్వ కట్టె తీసుకుంటాది."

చెబుతూ చెబుతూ మోకాళ్ళ మీద కూచున్నాడు.
చూపుడువేలు గాల్లోంచి మెల్లగా నేలకి దించాడు.
సిమెంటు నేల.
వేలు ఆగింది.
గోరు తెల్లబడేదాకా నొక్కాడు.

నేను పుట్టింది పీలేరు దగ్గర.
ఉడకేసిన కాయలు ఒలిచి ఒలిచి
వేళ్ళ సందుల్లో మట్టివాసన పోని చిన్నతనం నాది.
ఇంట్లో మేమెప్పుడూ శనక్కాయ అనే అన్నాం.
వేరు అని చెప్పింది బడి.
ఇంట్లో మాట మరిచి
నలభయ్యేళ్ళు బడిమాట మోశాను.

"సరే, నువ్వే పెట్టు" అన్నాను.
కాయలో పెట్టాడు.
తినేది గింజ గదా అంది సుంకులమ్మ.
ఒలిస్తే గాని తేలదన్నారు అందరూ,
ఆ తీర్పులో ఆకలి కూడా ఉంది.
పొట్టు ఊదేశారు, షెడ్డంతా ఎర్రటి రెక్కలు.
సుంకులమ్మ ఒక పప్పుని రెండు బద్దలు చేసి
మొనలోని ముక్కు నా కంటి దగ్గరికి తెచ్చింది.
"ఈడ ఆకులుండాయి మేడమ్, బుజ్జివి.
ఈ కొస వేరు.
ఇప్పుడు దీన్ని ఏ పళ్ళెంలో పెట్టేది?"

కళ్ళజోడు తుడుచుకుని చూశాను.
ఉన్నాయి.
జవాబు వెతికేలోపే
ఆ పిల్ల దాన్ని నోట్లో వేసుకుంది.

తలెత్తేసరికి అన్ని పళ్ళేల్లోనూ డొల్లలే.
క్యారెట్టు కూడా సగం లేదు.
పై వాళ్ళకి పంపాల్సిన కాగితంలో
"నేర్చుకున్నవి" అన్న గడి ఖాళీగా వదిలేసి
బయటికొచ్చాను.

ఎం-శాండు గుట్ట పక్కన ఉరుకుందు.
పిడికిట్లో ఒక్క కాయ, ఒలవనిది.
నన్ను చూసి దాచబోయి, మానుకున్నాడు.
నిన్నటి వానకి గుట్ట ఇంకా చెమ్మగానే ఉంది.
ఈసారి వేలు దిగింది.